బిళ్ళ మీద కొట్టు పేరుండేది

కొట్టువాడు చిల్లర లేదని చాక్లెట్టు చేతిలో పెట్టడం మొదలుపెట్టిన రోజున మన బజారు మర్యాద సగం పోయింది. గల్లాపెట్టె మీద గళ్ళ బొమ్మ నిలబెట్టి "స్కాన్ కొట్టండి" అనడం మొదలుపెట్టాక మిగతా సగమూ పోయింది. ఈ మాటంటే మా వీధి కుర్రాళ్ళు "కాలం మారింది తాతా" అంటారు. మారిందని నాకూ తెలుసు. మారినప్పుడు ఏం పోయిందో చెప్పేవాడు ఒకడుండాలి కదా. అందుకే ఇది రాస్తున్నాను.

మాది హరిశ్చంద్రపురం. హౌరా నుంచి మద్రాసు వెళ్ళే లైనులో కోటబొమ్మాళికీ తిలారుకీ మధ్య స్టేషను. మా ఊరి పేరుతో ఒకప్పుడు అసెంబ్లీ నియోజకవర్గమే ఉండేది. కింజరాపు ఎర్రన్నాయుడు 1983లో తొలిసారి శాసనసభకు వెళ్ళింది అక్కణ్ణుంచే. నియోజకవర్గాల పునర్విభజన జరిగాక 2009 ఎన్నికల నాటికి ఆ పేరు తీసేశారు. ఒక పేరు లెక్కల్లోంచి పోతే ఎలా ఉంటుందో మా ఊరివాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

నేను టెక్కలిలో బ్యాంకు గుమస్తాగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నాకు బిళ్ళలు పోగేసే అలవాటు పట్టుకుంది. నాణేలు కాదు, బిళ్ళలు. సర్కారు ముద్రించినవి కాకుండా కొట్లవాళ్ళు, హోటళ్ళవాళ్ళు, మిల్లులు, బ్యాంకులు, సైకిలు స్టాండ్లవాళ్ళు తమ పేరో గుర్తో కొట్టించి జనం చేతిలో పెట్టినవి. మా ఊరికి దగ్గర్లోనే ముఖలింగం ఉంది. తూర్పు గాంగులు ఏలిన కళింగనగరం అదే. వాళ్ళ బంగారు పణాలు చిన్న గింజంత ఉంటాయి, ఒక వైపు నంది, రెండో వైపు రాజుగారి పాలనా సంవత్సరం. వాటి మీద పండితులు పుస్తకాలు రాశారు, మ్యూజియాలు అద్దాల పెట్టెల్లో పెట్టాయి. మంచిదే. కానీ మా తాత రోజూ ఉప్పూ పప్పూ కొన్న కొట్టు బిళ్ళ ఎవరు దాచారు? రాజు పేరు రాతి మీద కూడా ఉంటుంది. షావుకారు పేరు ఆ బిళ్ళ మీద తప్ప ఇంకెక్కడా ఉండదు.

ముందు బ్యాంకు ఇత్తడి బిళ్ళ సంగతి చెప్పాలి. ఇప్పటి వాళ్ళు దాన్ని చూసి ఉండరు. అప్పట్లో చెక్కు తెచ్చి కౌంటర్లో ఇస్తే డబ్బు వెంటనే చేతికొచ్చేది కాదు. చెక్కు మీద ఒక నంబరు వేసి, అదే నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఖాతాదారుకు ఇచ్చేవాళ్ళం. చెక్కు లెడ్జరు బల్ల దగ్గరికి వెళ్ళేది. అక్కడి గుమస్తా తలగడంత లెడ్జరు తెరిచి, నిల్వ చూసి, పద్దు రాసేవాడు. ఆఫీసరు సంతకం సరిచూసి పాస్ చేసేవాడు. అప్పుడు క్యాషియరు జాలీ వెనకనుంచి నంబరు కేకేసేవాడు. ఖాతాదారు లేచొచ్చి, బిళ్ళ ఇచ్చి, చెక్కు వెనక సంతకమో వేలిముద్రో వేసి, డబ్బు లెక్కపెట్టుకునేవాడు. సాయంత్రం డబ్బు లెక్క కుదిరినా సరిపోయేది కాదు. బిళ్ళలన్నీ పెట్టెలో వరస నంబర్ల ప్రకారం ఎక్కడివక్కడ కూర్చుంటేనే ఇంటికి కదిలేది. ఒక్కటి తగ్గినా అది ఎవరి దగ్గర ఉండిపోయిందో వెతికి మనిషిని పంపేవాళ్ళం. బిళ్ళ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే ఆ డబ్బు అడగగలరు మరి.

జీడి పిక్కల సీజన్లో మా బెంచీలు ఖాళీ ఉండేవి కావు. మా తీరం వైపు ఉద్దానం రైతులు తెల్లారకుండా బయల్దేరి వచ్చి బిళ్ళ తీసుకుని కూర్చునేవారు. ఆడవాళ్ళు చెంగున ముడేసుకునేవారు. ముసలాళ్ళు పిడికిట్లో బిగించి పట్టుకునేవారు, వెనక్కిచ్చేటప్పటికి ఆ ఇత్తడి వెచ్చగా ఉండేది. ఆ గంటా గంటన్నరలో పలాసలో పిక్కల బస్తా ఏ రేటు పలుకుతోందో, కొబ్బరికాయ ఎవరు ఎంతకి కొంటున్నారో, ఎవరి పిల్లకు ఏ ఊరి సంబంధం చూస్తున్నారో అన్నీ తేలిపోయేవి. ఇప్పుడు కొన్ని శాఖల్లో గుమ్మం దగ్గర యంత్రం కాగితం చీటీ ఇస్తుంది. నాలుగు రోజులు జేబులో ఉంటే దాని మీద అక్షరాలు వెలిసిపోతాయి. దాన్ని దాచుకునేదెవరు? కంప్యూటర్లు వచ్చి కౌంటర్లోనే అన్ని పనులూ అయిపోవడం మొదలయ్యాక ఇత్తడి బిళ్ళల అవసరం తీరిపోయింది. ఒక శాఖలో వాటిని పాత సామాను కింద కిలోల లెక్కన అమ్మేశారని తెలిసి నేను పరుగెత్తుకుంటూ వెళ్ళాను. అప్పటికే కరిగించే చోటికి వెళ్ళిపోయాయి. ఆ బాధ ఇప్పటికీ తీరలేదు.

సైకిలు స్టాండు బిళ్ళలు అంత ఖరీదైనవి కావు. రేకు ముక్కలు, జతగా ఉండేవి. ఒకటి హ్యాండిలుకి తీగతో కట్టేవాడు, రెండోది మన చేతికిచ్చేవాడు. సినిమా వదిలాక చీకట్లో వందల సైకిళ్ళ మధ్య నంబరు చదివి మన బండి మనకు తీసిచ్చేవాడు. బిళ్ళ పోగొట్టుకున్నవాడు అందరూ వెళ్ళిపోయేదాకా నిలబడాలి, ఆఖరున మిగిలిన సైకిలు వాడిది. ఎంత న్యాయమైన పద్ధతో చూడండి. కంప్యూటరు లేదు, ఓటీపీ లేదు, తగువూ లేదు. టెక్కలి, కాశీబుగ్గ, సోంపేట వైపు పాత హాళ్ళు మూతపడి కల్యాణ మండపాలో గోదాములో అయ్యాక ఆ రేకు ముక్కల్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. నా దగ్గర ఉన్న కాసిని ఒక పాత ఇనప సామాన్ల కొట్లో మేకుల డబ్బా అడుగున దొరికాయి.

ఇక కొట్ల సంగతి. చిల్లర కరువు మన దేశానికి కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో రాగి పొదుపు చెయ్యాలని 1943 నుంచి మధ్యలో బెజ్జం ఉన్న కాణీ కొట్టారు, అదే చిల్లుకాణీ. ఆ రోజుల్లో చిల్లర దొరక్క కాఠియవాడ్ సంస్థానాల్లో కొన్ని కాగితం కూపన్లు అచ్చేసి చిల్లర కింద వాడాయి. మా నాన్నగారు చెప్పేవారు, మా వైపు షావుకార్లు చీటీ రాసిచ్చేవారట. తర్వాత 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. నేనప్పుడు చిన్నవాణ్ణి గానీ ఆ గొడవ బాగా గుర్తుంది. పావలాకి పాతికా, అర్ధరూపాయికి యాభయ్యీ సరిగ్గా కుదిరాయి. అణా దగ్గరే తంటా వచ్చింది. అణా అంటే ఆరుంపావు పైసలు. ఆరిస్తే కొట్టువాడికి నష్టం, ఏడడిగితే కొనేవాడికి కోపం. మా ఊరి షావుకారు ఈ తగువు తనంతట తానే తీర్చాడు. అట్ట ముక్కలు గుండ్రంగా కత్తిరించి, ఒక వైపు తన రబ్బరు స్టాంపు, రెండో వైపు పెన్సిలుతో బాకీ ఎంతో వేసి ఇచ్చేవాడు. నాలుగు పావులు కూడాక ఒక పైస తక్కువ పుచ్చుకునేవాడు. పావు పైసకు కూడా పూచీ పడ్డ మనిషి అతను. అలాంటి అట్టబిళ్ళ ఒకటి మా అమ్మ పోపుల పెట్టెలో మిగిలింది. పసుపు మరక పడి, అంచులు నలిగి ఉంది. నా పెట్టె మొత్తంలో నేను అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకునేది దాన్నే.

అట్ట ఎందుకు, రాగితోనో ఇత్తడితోనో కొట్టించవచ్చు కదా అని అడిగినవాళ్ళున్నారు. కుదరదు. 1889లో బ్రిటిషు ప్రభుత్వం లోహపు టోకెన్ల చట్టం తెచ్చింది. డబ్బులా వాడటానికి ప్రైవేటు మనుషులు లోహపు బిళ్ళలు తయారుచెయ్యకూడదు, చెలామణీ చెయ్యకూడదు. ఆ చట్టాన్ని 2011 నాణేల చట్టం రద్దు చేసింది గానీ ఆ నిషేధాన్ని మాత్రం తనలో కలిపేసుకుంది. అందుకే ఇంగ్లండులో కొట్లవాళ్ళు పదిహేడో శతాబ్దంలోనే కుప్పలు తెప్పలుగా కొట్టించిన రాగి బిళ్ళల్లాంటివి మన బజార్లలో కనపడవు. మనకు మిగిలినవి అట్టవీ, రేకువీ, ప్లాస్టిక్కువీ. ఇడ్లీకి ఒక రంగు, కాఫీకి ఒక రంగు బిళ్ళ ఇచ్చే క్యాంటీన్లు, పిండిమరలో వరస కోసం ఇచ్చే రేకు ముక్కలు, ఇలాంటివి. రాగో ఇత్తడో అయితే ఎలాగోలా మిగిలేది. అట్టకు చెద పడుతుంది, ఉద్దానం ఉప్పుగాలికి రేకు తుప్పు పడుతుంది. అందుకనే ఇవి తక్కువ, అందుకనే వీటిని వెంటనే దాచాలి.

పిల్లలకైతే మా రోజుల్లో బిళ్ళలతో కూడా పని లేదు. జీడి తోటల కింద ఏరుకున్న పిక్కలే మాకు డబ్బు. గుప్పెడు పిక్కలు పోస్తే ఐసు పుల్ల వచ్చేది, ఇంకాస్త పోస్తే జీళ్ళు వచ్చేవి. ఐసువాడి సైకిలుకి ఒక పక్క ఐసు పెట్టె, రెండో పక్క పిక్కల సంచీ. "ఏటి బావూ, తాలు పిక్కలు కలిపినావా" అని ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూసేవాడు. ఇవాళ ఆ పిల్లల మనవలు ఐసు కోసం తల్లి ఫోను అడుగుతున్నారు. పిక్క మంచిదా తాలుదా అని వేలితో చూసి చెప్పగల పిల్ల మా వీధిలో ఇప్పుడు లేదు.

అన్ని బిళ్ళలూ మర్యాదస్తులవే అని నేనను. అస్సాం తేయాకు తోటల బిళ్ళలు చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. చిల్లర నాణేలు ఆ అడవుల్లోకి చేరడం కష్టమని చెప్పి తోటల దొరలు ఇత్తడి, రాగి, జింకు బిళ్ళలు కొట్టించారు. కొన్ని బర్మింగ్‌హాంలో తయారై వచ్చాయి. కూలీకి చదువు రాదు కాబట్టి ఒక్కో విలువకు ఒక్కో ఆకారం. కొన్నింటి మీద రూపాయల అణాల లెక్క ఉండదు, ఒక పూట హాజరు, పూర్తి హాజరు అన్న లెక్కే ఉంటుంది. పొద్దంతా వంగి ఆకు కోసినందుకు చేతిలో పడేది అది. తోట దాటితే అది చెల్లదు. తోటలో ఉన్న దుకాణం ఏ రేటు చెబితే ఆ రేటుకే బియ్యం కొనుక్కోవాలి. ఆ తోటలకు అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి మన జనం కూడా వెళ్ళారు. మా టెక్కలి వైపు 1936 దాకా గంజాంలోదే. కూలి డబ్బు చెల్లుబాటయ్యే నాణేల్లోనో నోట్లలోనో ఇవ్వాలని 1936లో వేతనాల చెల్లింపు చట్టం చెప్పింది. ఆ చట్టం రావడం మంచిపని. బిళ్ళ ఇచ్చినవాడు దాన్ని ఎక్కడ ఎలా చెల్లించుకోవాలో కూడా తనే శాసిస్తే అది బిళ్ళ కాదు, సంకెల. మా షావుకారు అట్టముక్క అలాంటిది కాదు. ఇష్టం లేకపోతే వెనక్కిచ్చి పైసలు అడగొచ్చు, ఇచ్చేవాడు కూడా.

అమెరికాలో ఉన్న మా స్నేహితుడి కొడుకు ఒకసారి సెలవులకు వచ్చినప్పుడు నాకొక చెక్కబిళ్ళ తెచ్చిపెట్టాడు. అక్కడ నాణేలు అమ్మే ఒక కొట్టువాడు తన పేరు, ఊరు అచ్చేయించి వచ్చిపోయేవాళ్ళకు ఊరికే ఇస్తాడట. అది చేతికొచ్చాక ఆ చరిత్ర అంతా చదివాను. 1931లో వాషింగ్టన్ రాష్ట్రంలోని టెనైనో అనే చిన్న ఊళ్ళో బ్యాంకు మూతపడితే జనం చేతిలో డబ్బు లేక పల్చటి చెక్కముక్కల మీద డబ్బు అచ్చేసుకుని వాడుకున్నారు. చెక్కబిళ్ళల వాడుక అప్పుడు ఊపందుకుంది. కానీ నాణేల వ్యాపారులు తమ బిళ్ళలు కొట్టించడం అంతకంటే చాలా పాతది. న్యూయార్క్‌లో అగస్టస్ సేజ్ అనే కుర్రాడు, ఇరవయ్యేళ్ళు కూడా నిండనివాడు, నాణేల కొట్టు పెట్టి 1858 ప్రాంతంలో తన పేరు మీద వరసలు వరసలుగా బిళ్ళలు కొట్టించాడు. ఒక వరసలో ఆనాటి నాణేల సేకర్తల ముఖాలే అచ్చు వేయించాడు. అమెరికా నాణేల సంఘం 1858లో పుట్టడానికి మొదటి కూడికలు జరిగింది కూడా ఆ కుర్రాడి ఇంట్లోనే. ఫిలడెల్ఫియాలో విలియం ఐడ్లర్ అనే వ్యాపారి కూడా తన కొట్టు పేరుతో బిళ్ళలు వేశాడు. నాణెం అమ్మేవాడు తన గుర్తుగా ఒక నాణెంలాంటిది ఇవ్వడం ఎంత అందమైన పని! ఆ కొట్లు ఎప్పుడో మాసిపోయినా ఆ బిళ్ళల వల్ల వాళ్ళ పేర్లు ఇవాళ హరిశ్చంద్రపురంలో కూర్చున్న నాకు తెలిశాయి.

అదే న్యూయార్క్‌లో మరో రకం మనిషి కూడా ఉన్నాడు. అంతర్యుద్ధం రోజుల్లో చిల్లర మాయమైపోతే లిండెన్‌ముల్లర్ అనే సారాయి దుకాణదారు సెంటు విలువకు పది లక్షలకు పైగా బిళ్ళలు జనంలోకి వదిలాడు. జనం వాటిని గుర్రపు ట్రాము టిక్కెట్లకు కూడా ఇచ్చారు. ట్రాము కంపెనీ పోగైన బిళ్ళలు మోసుకెళ్ళి డబ్బివ్వమంటే ఇవ్వనన్నాడు. ఇలాంటివి చూశాకే 1864లో అమెరికా ప్రభుత్వం ప్రైవేటు నాణేలను నిషేధించింది. బిళ్ళ మీద పేరు కొట్టించుకోవడం కాదు, ఆ బిళ్ళ తిరిగి వచ్చిన రోజున గల్లాపెట్టె తెరవడం ముఖ్యం. మా పల్లెటూరి షావుకారు ఆ న్యూయార్క్ మనిషి కంటే వంద రెట్లు పెద్దమనిషి అని నేను ఎక్కడైనా చెబుతాను.

ఇప్పుడు ఏం జరుగుతోందో చూడండి. మధ్యలో కొన్నేళ్ళు చిల్లర కరువు బాగా ఉండేది. బస్సులో కండక్టరు టిక్కెట్టు వెనక ఇవ్వాల్సిన చిల్లర రాసిచ్చేవాడు, దిగేటప్పుడు అడిగి తీసుకునేవాళ్ళం. అందులో కూడా ఒక మాట ఉంది, దానికొక సంతకం ఉంది. ఆ తర్వాత చాక్లెట్లు వచ్చాయి. రెండు రూపాయలకు బదులు చాక్లెట్టు ఇచ్చే కొట్టువాడు, మనం అదే చాక్లెట్టు తిరిగి ఇస్తే రెండు రూపాయల కింద తీసుకోడు. ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. వాడు ఇచ్చింది వాడి దగ్గరే చెల్లకపోతే అది చిల్లర ఎలా అవుతుంది? అగ్గిపెట్టెలు, జీలకర్ర పొట్లాలు అంటగట్టినవాళ్ళనూ చూశాను. పావలా, అంతకంటే చిన్నవి 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. అర్ధరూపాయికి చెల్లుబాటు ఉన్నా మా వైపు ఎవరూ పుచ్చుకోరు. పది రూపాయల నాణేనికీ అదే గతి పట్టించారు. రూపాయి గుర్తు లేదని ఒకడు, గీతలు తక్కువున్నాయని ఒకడు తోసేస్తాడు. పద్నాలుగు రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే ప్రకటన ఇచ్చింది. అయినా సంతలో కూరగాయలమ్మే ముసలమ్మ "ఒల్లను బావూ, అవతల ఎవులూ తీసుకోరు" అంటుంది. ఆమెది తప్పు కాదు. ఆమె దగ్గర్నుంచి తీసుకోనన్న పెద్ద కొట్టువాడిది తప్పు.

ఫోనులో డబ్బు వేసుకోవడం సౌకర్యమే, కాదనను. కానీ మాకు తిత్లీ ఒక సంగతి నేర్పింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, కరెంటు స్తంభాలు పడిపోయాయి, ఫోన్లు పనిచెయ్యలేదు, ఏటీఎంలు పనిచెయ్యలేదు. కొన్ని ఊళ్ళకు రోజుల తరబడి దీపం లేదు. అప్పుడు జనానికి బియ్యం, కొవ్వొత్తులు, పిల్లలకు బిస్కట్లు ఎలా అందాయి? ఊళ్ళో కొట్టువాడు మొహం చూసి, పుస్తకంలో రాసుకుని ఇచ్చాడు. కొందరు చీటీ మీద రాసి సంతకం పెట్టి ఇచ్చారు. అలాంటి చీటీ ఒకటి వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఒక బంధువు నాకు తెచ్చి ఇచ్చాడు, బాకీ తీరిపోయాకే. కిరాణా సామాను పేర్లు, కొట్టువాడి పొడి అక్షరాలు, కింద తేదీ. నేను దాన్ని బిళ్ళల పక్కనే పెట్టాను. అది కూడా ఒక మనిషి మరో మనిషికి ఇచ్చిన మాటే.

పోగేసే అలవాటు కూడా చెడిపోయింది. మా రోజుల్లో బిళ్ళ కావాలంటే వెళ్ళి అడగాలి. కొట్టు ముందు నిలబడి, రద్దీ తగ్గేదాకా ఆగి, "షావుకారుగారూ, మీ నాన్నగారి నాటి బిళ్ళలేమన్నా ఉన్నాయా" అనాలి. ఒకాయన కసురుకునేవాడు, ఇంకొకాయన కూర్చోబెట్టి టీ తెప్పించి తన కొట్టు చరిత్రంతా చెప్పేవాడు. నారాయణవలస పశువుల సంతకి వెళ్ళినా, నౌపడ ఉప్పుమడుల వైపు వెళ్ళినా నా కళ్ళు గల్లాపెట్టెల మీదే ఉండేవి. ఇలాంటి పిచ్చే ఉన్నవాళ్ళతో ఉత్తరాలు రాసుకునేవాళ్ళం. ఒకరి దగ్గర రెండున్నవి ఇంకొకరికి పంపేవాళ్ళం. ధర అన్న మాట ఆఖర్న వచ్చేది, చాలాసార్లు వచ్చేదే కాదు.

ఇప్పుడు మొదటి మాటే ధర. నా పెట్టె చూడటానికి వచ్చిన కుర్రాడు ఎవరైనా "దీనికి ఎంతొస్తుంది తాతగారూ" అని మొదలుపెడతాడు. 2012లో వచ్చిన వైష్ణోదేవి బొమ్మ నాణేనికి లక్షలిస్తామని ఫోనులో వీడియోలు పెడతారు. అది నమ్మి ఫోను చేస్తే ముందు రిజిస్ట్రేషన్ అంటారు, తర్వాత పన్నంటారు, ఉన్న డబ్బు ఊడ్చేస్తారు. తమ పేరు వాడుకుని పాత నాణేలకూ నోట్లకూ కమీషన్లు, పన్నులు అడుగుతున్నారు జాగ్రత్త అని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. మా చుట్టుపక్కల కూడా మోసపోయినవాళ్ళున్నారు. సిగ్గుపడి బయటికి చెప్పరు. వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే: కోట్లలో ముద్రించిన నాణెం ఎప్పటికీ లక్ష పలకదు. పదిమందికీ తెలియని మీ ఊరి కొట్టు బిళ్ళ ధర పలక్కపోవచ్చు, కానీ అది పోతే మళ్ళీ దొరకదు. ఈ రెండింటి తేడా తెలియకపోతే పోగెయ్యడం జూదమైపోతుంది.

పట్నాల్లోనూ బిళ్ళలు పోతున్నాయి. హైదరాబాదు మెట్రో 2017 నవంబరులో మొదలైనప్పుడు గుండ్రటి ప్లాస్టిక్ టోకెన్ ఇచ్చారు. మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు దాన్ని తిప్పి తిప్పి చూశాను. గేటు దగ్గర తిరిగి ఇచ్చెయ్యాలి కాబట్టి దాచుకోవడం తప్పు, ఇచ్చేశాను. ఇప్పుడు చాలామంది ఫోనులో గళ్ళ బొమ్మ చూపించి దాటిపోతున్నారు. ఆ ప్లాస్టిక్ బిళ్ళ కూడా ఒకనాటికి కనపడకుండా పోతుంది. అప్పటికి మెట్రోవాళ్ళు కొన్ని తీసి మ్యూజియానికి ఇస్తే బాగుంటుంది.

మన విశాఖపట్నం, హైదరాబాదు నాణేల వ్యాపారులకు ఒక మనవి. మీరు రాజుల నాణేలు, నవాబుల నాణేలు ఎంతో శ్రద్ధగా కవర్లలో పెట్టి అమ్ముతారు. మీ పేరుతో ఒక బిళ్ళ కొట్టించండి. డబ్బుగా వాడేందుకు కాదు, చట్టం ఒప్పుకోదు. గుర్తుగా, చెక్కదైనా చాలు. ఒక వైపు మీ కొట్టు పేరు, ఊరు, సంవత్సరం తెలుగు అక్షరాల్లో. రెండో వైపు మీ ఊరి గుర్తు ఏదైనా. కొత్తగా పోగెయ్యడం మొదలుపెట్టిన పిల్లలకు ఊరికే ఇవ్వండి. వందేళ్ళ తర్వాత మీ కొట్టు ఉండకపోవచ్చు, ఆ పిల్లల మనవల దగ్గర మీ పేరు ఉంటుంది. పలాసలో, కాశీబుగ్గలో జీడిపప్పు కొట్లవాళ్ళూ ఈ పని చెయ్యొచ్చు. దేశమంతా పప్పు పంపిస్తున్నారు, డబ్బాలో ఒక బిళ్ళ వెయ్యడానికి ఎంత ఖర్చవుతుంది?

ఇళ్ళల్లో ఉన్నవాళ్ళకు ఇంకో మాట. అటక మీద డబ్బాల్లో, పాత పర్సుల్లో, కుట్టుమిషను సొరుగుల్లో బిళ్ళలు ఉంటాయి. వెతకండి. దొరికితే చింతపండు పెట్టి తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. మెత్తటి ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి, దాన్నుంచి దిగే జిగురు ఇత్తడిని పచ్చగా తినేస్తుంది. కాగితం కవర్లో పెట్టి, ఏ ఊరిది, ఏ కొట్టుది, ఎవరిచ్చారు అన్నది కవరు మీద రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాయండి. పాత ఇనప సామాన్లవాడికి మాత్రం వెయ్యకండి.